పడింది

ఏటుకూరు రోడ్డు లారీల హోరులో
పదకొండు నెలల ముందే ఓడలో గది పట్టాను.
నవ్వకండి.
చెన్నై రేవు, మూడు రాత్రులు, ఇద్దరికి.
లోపలి గది, కిటికీ లేదు.
బ్రాడీపేట నాలుగో లైనులో ఫిరోజ్ రసీదు రాసిస్తూ
"ముందు పడితే చవక బాబాయ్,
తర్వాత ఇంకా తగ్గితే ఆ తేడా కూడా మనదే.
మిగతా డబ్బు కట్టే గడువులోపు అడగాలి, అంతే" అన్నాడు.

అంతేనట!
ముప్పై నాలుగేళ్లు మిర్చి యార్డులో గుమాస్తాని.
తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే రోజుల్లో
షావుకారు చిటికెనవేలి వణుకులో
రేపటి రేటు చదివినవాణ్ణి.
తేజ ఎప్పుడు లేస్తుందో, బాడిగ ఎప్పుడు కూలబడుతుందో,
ఎవరి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఇంకో నెల పడుకోవాలో
నన్నడిగేవాళ్లు.

కానీ అదంతా పెరగాలని చూసిన చూపు.
తగ్గాలని చూడటం కొత్త.
ఎడమ చేత్తో అన్నం కలుపుకున్నట్టుంది.

చిట్టా పుస్తకం చివరి పేజీలో నిలువుగా గీత కొట్టాను.
ఎడమ వైపు తేజ. కుడి వైపు ఓడ.
మాఘంలో ఇరవై ఆరు వేల ఎనిమిది వందలు.
ఉగాదికీ అదే.
రోహిణి కార్తెలో రెండు వందలు పెరిగింది,
ఆ పూట మజ్జిగ కూడా చేదుగా ఉంది.
ఆషాఢమంతా కదల్లేదు.
ఓడలకీ మూఢం ఉంటుందేంట్రా అనడిగాను.
ఫిరోజ్ నవ్వలేదు. కంప్యూటర్లో చూసి చెప్తానన్నాడు.

త్రికోటేశ్వరి ఒక రాత్రి వడ్డిస్తూ అడిగింది:
ఓడకి ఎన్ని అంతస్తులు?
తెలీదు.
కూరల్లో కారం వేస్తారా?
తెలీదు.
పోనీ, ఏ రంగు?
ఇరవై ఏడు వేలు, అన్నాను.
ఆవిడ పప్పుగిన్నె మీద మూత పెట్టి
"రంగు అడిగానండీ" అంది.

శ్రావణంలో రెండో మంగళవారం.
పెదనందిపాడు ఇన్నయ్య నలభై టిక్కీలు బయటికి తీశాడు.
వైశాఖంలోనే అమ్ముతానంటే
"ఆగు, లేస్తుంది" అన్నది నేను.
కాటా పక్కన నిలబడి ఒక కాయ విరిచి
గింజలు అరచేతిలో దొర్లించుకుంటూ
"పడింది కదా గుమాస్తాగారూ" అన్నాడు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.

జేబులో ఫోను మోగింది.
"బాబాయ్, పడింది!"

ఒకే మాట.
ఒకటి చెవిలో, ఒకటి ఎదురుగా.
యార్డులో ఘాటుకి అందరికీ కళ్లు కారుతుంటాయి,
ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగరు.
ఆ వెసులుబాటు ఆ రోజు నాకు పనికొచ్చింది.

నాలుగు వేల పైచిలుకు తగ్గిందట.
వెనక్కి తీసుకుంటారా, దాంతో కిటికీ గదికి మారతారా,
సాయంత్రంలోగా చెప్పమన్నాడు.
నేను వేరే లెక్కలో ఉన్నాను.
పదహారు క్వింటాళ్లు, క్వింటాకి పదిహేను వందలు.
ఇన్నయ్యకి పోయింది ఇరవై నాలుగు వేలు.
ఒక ఓడ ప్రయాణం, పైన కొంచెం చిల్లర.
రెండంకెలూ ఒకే పేజీలో, గీతకి అటూ ఇటూ,
రెండూ నా దస్తూరే.

ఇన్నయ్యకి టీ ఇప్పించాను.
అంతకంటే ఏదో చేశానని చెప్పుకోను, చేయలేదు.

ఇంటికొచ్చి చెబితే త్రికోటేశ్వరి
ఎంత తగ్గిందని అడగలేదు.
"కిటికీ" అంది.
సరేనని ఫిరోజ్‌కి చెప్పి, పెట్టేయబోయి, అడిగాను:
ఆ ఓడ ఏ రంగురా?
కాసేపు ఆగి, "తెలుపు బాబాయ్, కింద నీలం గీత."

కుడి వైపు, అంకె ఉండాల్సిన చోట
తెలుపు అని రాసుకున్నాను.
ఎడమ వైపు ఖాళీగా ఉంది.
ఇన్నయ్యవి ఇంకా పన్నెండు టిక్కీలు లోపల చలిలో ఉన్నాయి.
రేపు వస్తాడు.
ఆగమంటారా అని అడుగుతాడు.