టికెట్ వెనకాల

మూడో కౌంటర్ల గూడ అదే మాట:
"ఈడ గాదమ్మా, పై అంతస్తు."
లిఫ్టు నడుస్తలేదు.
తొమ్మిదేండ్ల విఘ్నేశ్‌ను వీపుమీదేసుకొని
మెట్లెక్కిన.

పైన తాళం.

నీలోఫర్ దవాఖాన ముంగట బస్టాపుల
ఒకామె నన్ను గాదు,
వాని బెల్టుల బూట్లు జూసింది.
"మా వానికీ ఇవే. ఎడమది కరుస్తది, దూది పెట్టు."
బస్సు టికెట్ వెనకాల రాసిచ్చింది:
సదరం క్యాంపు, మంగళవారం, పొద్దున ఆరుకే,
ఆధార్ జిరాక్సులు నాలుగు.
కింద గీత గీసి
బోయిన్‌పల్లిల ఫిజియోథెరపీ మేడం పేరు.
"ఏడుపు లైన్ల నిలబడ్డంక ఏడువు,
టైమ్ శానా ఉంటది" అని నవ్వింది నుస్రత్.

మంగళవారం
వాడు ఎంత శాతమో రాసిన్రు.
మడతబెట్టిన, చదవలే.
వెనకాల ఒక పిల్ల, సంకల పాప,
"ఏ కౌంటరక్కా?" అన్నది.

సంచిల పెన్ను దేవులాడిన.