నాలుగు రూపాయల బాకీ

దర్గా సర్కిల్ కాడ లంచ్ హోమ్ మూసేసిన నాడు
ఇడ్లీ పాత్రలు, రుబ్బురోలు, పాలరాయి బల్లలు
ఎవరికి అందింది వాళ్ళు పట్టకపోయినారు.
జ్యూక్‌బాక్స్ మిగిలింది,
బీరువా అంత బరువు, మూలుగైనా లేదు.
"తూకానికి ఇస్తా, తీసుకోమ్మా" అన్నాడు భట్టు.
పాత ఇనుము ధరకు
నలభై పాటలు కొన్నా.

బజారు వీధిలో కుట్టు మిషన్లు బాగుచేసేదాన్ని.
దారం ఎందుకు తెగతా ఉందో
వాకిట్లో నిలబడి చెవితోనే చెప్తా.
ఇది మాత్రం మిషను కాదా ఏమి?

కాట్పాడి నుంచి ఆరోగ్యస్వామి రావాలంటే
రెండు వేలు, బస్సు చార్జీ, మధ్యాన్నం అన్నం.
"అది చూడ్డానికే మా, బాగయ్యేది దేవుడి చిత్తం."
ఫోను పెట్టేసి స్క్రూడ్రైవరు తీసుకున్నా.

వెనక తలుపు తీస్తే ఎలుకల కాపురం.
భోజనం టోకెన్లు, బీడీకట్ట కాగితం, ఎవురిదో రిబ్బను ముక్క.
నాణెం జారే గొంతులో అడ్డంగా
తామరపువ్వు ఇత్తడి ఇరవై పైసలు.
ఏ పాట కోసం వేసినారో,
వేసి, పెట్టెను రెండు గుద్దులు గుద్ది
కాఫీ చల్లారక ముందే వెళ్ళిపోయినారో.

గ్రీజు ముదురుపాకమై బిగుసుకోనుంది.
కిరసనాయిలుతో మూడు రాత్రులు తుడిచినా.
తెగిన బెల్టుకు నా మిషను తోలుబెల్టు,
రాయైపోయిన రబ్బరు చక్రానికి
హవాయి చెప్పు మడమ గుండ్రంగా కోసి
గరుకు కాయితంతో రుద్ది రుద్ది.
పళ్ళెం తిరిగింది!
ఆ రాత్రి ఒక్కదాన్నే టీ కాచుకోని
దాని ఎదురుగా కూర్చున్నా.

తిరిగింది గానీ పాడలే.
ప్లగ్గు పీకే ఉంది గదా అని
వాల్వుల పక్కనున్న వెండి డబ్బాను వేలితో కదిలించినా.
గోడకేసి కొట్టింది.
మోచేతి దాకా చీమలు, నాలుక మీద రాగి.
కరెంటు పోయినా కోపం పోనివి ఉంటాయని
ఏ కుట్టు మిషనూ నాకు చెప్పలే.

తెల్లారి ఫోను చేసినా.

వచ్చినాడు. కుడి చెవి వినపడదు,
చెక్క మీద అరచెయ్యి ఆనించి వింటాడు.
కట్టెపిడి స్క్రూడ్రైవరుతో
ఆ డబ్బా కాళ్ళు రెండూ కలిపి టప్‌మనిపించి
"ఇప్పుడు పడుకుంది, ఇప్పుడు ముట్టుకో" అన్నాడు.
చక్రాన్ని గోటితో గీకినాడు.
"చెప్పా?"
"చెప్పే."
పగలబడి నవ్వినాడు.
"నాలుగు నెలలొస్తుంది. అరిగినాక ఇంకోటి కొయ్యి,
దీనికి నన్ను పిలవొద్దు."

మూత లోపల అరవంలో పెన్సిలు గీతలు.
అద్దాలు తుడుచుకోని ఆయనే చదివినాడు:
ఏడు మూడు డెబ్బై తొమ్మిది. వాల్వు మార్చినాను.
బాకీ నాలుగు రూపాయలు.
"నా చెయ్యే మా ఇది.
చిల్లర లేదు, రేపు ఇస్తానన్నాడు భట్టు వాళ్ళ నాయన."

గుగ్గిలం పొగలో ఒక అతుకు ఆయన పెట్టి
రెండోది నన్ను పెట్టమన్నాడు.
నాది వడియం లాగా వచ్చింది.
"పట్టుకుంది గదా, పో."

నాలుగు నొక్కితే అయిదు పాడుతా ఉంది.
"ఇంకో గంట పని. చెయ్యనా?"
"ఉండనీ సామీ, అది నాకుండనీ."
రెండు వేలు, బస్సు చార్జీ,
మీద నాలుగు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చినా.
ఆ నాలుగూ చొక్కా జేబులో వేరేగా పెట్టుకున్నాడు.

పోతా పోతా గడప కాడ ఆగి
"ఆ ఇరవై పైసలు వెయ్యి" అన్నాడు.
వేసినా. గొంతులో గలగలమని జారింది.
చెయ్యి లేచి, వెతికి, ఒక రికార్డు ఎత్తుకునింది.
ఆయన ద్వారబంధం మీద అరచెయ్యి పెట్టి
"ఏం పాడతా ఉంది?" అన్నాడు.
"మనం అడిగింది కాదు."
"బాగుందా?"

నాలుగుంబావు బస్సు పోయింది.