ఉల్టా

పద్దెనిమిదేండ్లు నా ఎడమకాలికి ఒక్కటే మాట తెలుసు:
ఒత్తు.
ఒత్తితే ఒకటి, ఒత్తితే రెండు,
ఒత్తుకుంట పోతే నాలుగు.
తగ్గాల్నంటే మడిమతోని ఎనుక తొక్కుడు.
జేపీఎన్ రోడ్డు మందుల దుకాణంల
డబ్బాలు కట్టుకొని
ఆత్మకూరు, పరకాల, ములుగు.
కాలు దాని పని అది చేసేది,
నేను బాకీలు లెక్కవెట్టుకునేటోన్ని.

పాత బండి గుంజుడు బందువెట్టినంక
కరీమాబాద్‌ల ఒక సారు దగ్గర
సెకండ్ హ్యాండుది కొన్న.
దానిది వేరే బడి.
ఒకటి కిందికి, నాలుగు మీదికి.
"బూటు కొనతోని లేపాలె" అన్నడు సారు,
పిల్లలకు చెప్పినట్టు రెండుసార్లు.
నాకు బూట్లెక్కడివి?
రబ్బరు చెప్పుల బొటనవేలు
ఆ ఇనుప కొన కిందికి దూరి దూరి
వారానికే నల్లగ కమిలింది.

గూడెప్పాడ్ దాటినంక
రోడ్డు ఖాళీ, గాలి మంచిగున్నది,
మూడుల కెల్లి నాలుగుకు పోదామని
ఒత్తిన.

రెండువడ్డది.
ఇంజను ఒర్లింది,
ఎనుక చక్రం పక్కకు జారి
బండి, నేను, డబ్బాలు
మూడు దిక్కుల.
పత్తిచేను గట్టు దాక దగ్గుమందు వాసన.
మేకలు తోలుకపోయే ముసలామె నిలవడి చూసి
"ఎవలమీద బిడ్డా అంత కోపం?" అన్నది.

ఎవల మీద లేదవ్వా.
కాలు పాత ఇంటి తొవ్వ పట్టింది, అంతే.

కాజీపేట బ్రిడ్జి కింద యాకయ్య
సగం తాగిన చాయ గ్లాసు ట్యాంకు మీద పెట్టి
వంగి చూసిండు.
"కాలును మార్చలేం గని
రాడ్డును మార్చొచ్చు."
పది నంబరు పానా, ఒక్క బోల్టు.
షాఫ్టు పండ్ల మీదికెల్లి ఆ చిన్న చెయ్యిని గుంజి
తలకిందులు చేసి మళ్ల ఎక్కిచ్చిండు.
"లోపల ఏం మారలే" అన్నడు,
"గేర్లు ఉన్నకాడనే ఉన్నయ్.
చెప్పే తీరే తిరగవడ్డది.
రేసు పోరగాండ్లు గిట్లనే పెట్టిచ్చుకుంటరు,
మలుపుల బండి ఒరిగితే
లివరు కింద పాదానికి జాగ ఉండదట."
నేను ఒరిగేది గ్లూకోజు డబ్బాల బరువుకే.
రెండువందలు. చాయ పైసలు నావే.

ఇగ ఒకటికి లేపాలె, మిగిలినయన్ని ఒత్తుడే.
సుఖమనుకున్న.
గని ఆ నెల రోజులల్ల
కాలు నాకు చెప్పకుంట కొత్త పాఠం గూడ నేర్చుకున్నది.
సుబేదారి సిగ్నలు కాడ పచ్చలైటు వడ్డది,
ఎనుక ఆటోల హారన్లు,
నా పాదం గాలిల.
పైకా, కిందికా?
ఇద్దరు అన్నదమ్ముల పంచాయతిల
సాక్ష్యానికి పిలిచినోని లెక్క
ఏ మాటా చెప్పకుంట నిలవడ్డది.

రాత్రి నిద్రల మంచం కోడు ఒత్తుతున్ననట.
సుగుణ నా పాదం పట్టుకొని
"ఇప్పుడు ఎన్నో గేరు?" అని అడిగిందట.
"న్యూట్రల్" అన్ననట.
పొద్దున చాయ పోసుకుంట చెప్పి
ఒక్కతే నవ్వింది.

బామ్మర్ది కొంరెల్లి, అర్ధగంటల వస్తనని
తాళం తీస్కపోయిండు.
పది నిమిషాలకే నూకుకుంట వచ్చిండు,
అంగి మొత్తం చెమట.
"బావా, నీ బండికి దయ్యం పట్టింది."
అప్పటికెల్లి అడిగినోడు లేడు.
అదొక లాభం.
వాకిట్ల అది ఒక్కతే నిలవడి ఉంటే
అదొక వెలితి గూడ.

నిన్న చైను బిగిచ్చినంక యాకయ్య
తెల్ల పెయింటు డబ్బా మూత తీసి
అగ్గిపుల్లతోని, ఊపిరి వట్టి,
ఆ చిన్న చెయ్యి మీద రెండక్షరాలు రాసిండు:
ఉల్టా.

"నాకెందుకు? నాకు తెల్సు గద" అన్న.

"నీకు గాదు.
రేపు ఇంకో మెకానిక్ చూస్తడు.
ఎవడో తప్పు బిగిచ్చిండనుకొని
సక్కగ జేస్తడు."