బండ మోత

ర్యాంకు ముప్పై ఒకటి వేల చిల్లర.
ఆ చిల్లర నాలుగొందల అరవై రెండని
అమ్మ అడిగినోళ్లకూ అడగనోళ్లకూ చెప్తాంది.

తాడిపత్రి బస్టాండు ఎదురుగా
గోడల నిండా కాలేజీల ఫ్లెక్సీలు.
ఒకే పిల్ల మూడు కాలేజీల్లో చదువుతాంది,
అదే నవ్వు, అదే పచ్చ చున్నీ.

ఇంటికొచ్చిన కాలేజీ ఆయప్ప కూర్చోకముందే
హాస్టల్ ఫ్రీ అన్యాడు, ల్యాప్‌టాప్ అన్యాడు,
పాస్‌వర్డ్ చెప్తే చాలు, ఆప్షన్లు మేమే పెట్టుకుంటాం అన్యాడు.
నాయన పాలిషింగు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినాడు,
కనుబొమ్మల మీద తెల్లటి పొడి.
"పాపకొచ్చిన ఓటీపీ పాపదే సామీ."
టీ ఇచ్చి పంపించినాం.

మా నాయనకు చదువుల సంగతి తెలీదు.
బండ సంగతి తెలుసు.
లారీకెత్తే ముందు ప్రతి బండనూ
వేలి కణుపుతో మోగించి చూస్తాడు.
మంచిదైతే గంట మాదిరి పలుకుతుంది.
కంటికి కనపడని నెర్రె ఉంటే
దగ్గినట్టు పలుకుతుంది.
"పాలిష్ చూసి కొన్నోడు
ఇల్లు కట్టినంక ఏడుస్తాడు మే."

అందుకే ఆప్షన్లకు ఇంకా నాలుగు దినాలుండంగానే
రెండు దినాల కూలి పోగొట్టుకుని
నన్ను బస్సెక్కించినాడు.

మొదటిది అద్దాల మేడ.
ఒకామె ఉద్యోగాలొచ్చినోళ్ల ఫోటోల పుస్తకం తిప్పుతాంటే
నాయన వరండాలో వంగి వంగి
నేలను మోగిస్తా పోయినాడు.
నాకు తల కొట్టేసినట్టయింది.
"ఇది మన ఫ్యాక్టరీ సరుకే" అన్యాడు నా చెవి దగ్గర,
"సెకండ్స్. రేటు తగ్గించి ఎత్తుకపోయినారు."
ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూపించమంటే
తాళంచెవి ఉన్నాయన లీవులో ఉన్నాడంట.
తాళం తుప్పు చూస్తే
ఆయన లీవు పెట్టి రెండేండ్లయినట్టుంది.

రెండోది అనంతపురం అవతల, సున్నం రాలే గోడలు.
క్యాంటీన్ మెట్ల మీద మూడో సంవత్సరం పిల్ల,
పేరు ఉరుకుందమ్మ, ఎమ్మిగనూరు పక్కన పల్లె,
దాపరికం లేకుండా చెప్పింది:
నీళ్లు దినం మార్చి దినం వస్తాయి.
లెక్కల సార్లు ఏడాదిలో ఇద్దరు మారినారు.
ల్యాబ్ మాత్రం రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటాది.
అడిగితే సీనియర్లు తిడతారు, తిట్టి చెప్తారు.
నాయన ఆ నేలనూ మోగించినాడు.
బుక్కరాయసముద్రం దాటే దాకా నోరు విప్పలేదు.
"అరిగింది గానీ
నెర్రె లేదు."

ఇంటికొస్తే ఇంకో చిక్కు.
పది మెమోలో నేను దూదేకుల మస్తానమ్మ,
కులం కాయితంలో దూదేకుల మస్తాన్‌బీ.
మేమిద్దరం ఒకటేనని ఒప్పించేకి
సచివాలయం చుట్టూ మూడు దినాలు.
ఎండకు ఇద్దరమూ నల్లబడినాం.

ఆఖరి రాత్రి, సుంకన్న నెట్ సెంటర్.
యూనివర్సిటీ కాలేజీ మీద నా వేలు ఆగింది.
"పోయినేడు తొమ్మిది వేలకే మూసుకుపోయిందమ్మా,
నీకు వచ్చేవి పైన పెట్టు."
నాయన వెనక నుంచి అడిగినాడు:
"అడిగినందుకు దుడ్లు పట్టుకుంటారా?"
లేదు.
"అడిగినందుకు కిందవి పీకేస్తారా?"
లేదన్నా.
"ఇంకేం, పైన పెట్టు.
రాకుంటే కిందది యాడికి పోతాది?"

అట్ల ఇరవై మూడు పెట్టినాం.
మూడో వరసలో సున్నం రాలే గోడలు.
అద్దాల మేడ ఎక్కడా లేదు.
ప్రింటుకు ఇరవై రూపాయలు, సుంకన్న ఐదు వదిలేసినాడు.

అలాట్‌మెంట్ ఇంకా పదకొండు దినాలు.
బయటికొస్తానే నాయన
కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకుని
నా నెత్తి మీద కణుపుతో ఒక్క మొట్టికాయ వేసినాడు.
తల పక్కకు వంచి
కొంచేపు విన్నాడు.

ఎట్ల మోగిందో చెప్పలేదు.
సైకిల్ స్టాండు తీసి, ఎక్కు అన్యాడు.