ముళ్లు

మా నానమ్మ మునరి దగ్గర
ఒక జనపతాడు ఉండేది.
పోసిన పురిటికొక ముడి.
చదువు రాని మనిషికి అదే రిజిస్టరు.
మగబిడ్డైతే రెండు పేటల ముడి,
ఆడపిల్లైతే ఒంటి ముడి.
కూలీ అంతే:
ఐదు సేర్ల వడ్లు, రెండు సేర్ల వడ్లు.
చచ్చి పుట్టినవాళ్లకు
ముడి వేసి, విప్పేసేది.
అక్కడ తాడు కాస్త నలిగి ఉంటుంది,
వేలితో తడిమితేనే తెలుస్తుంది.

కోసీ నది కరకట్టకు లోపలి ఊరు మాది.
మంచినీళ్ల చేతిపంపు మిసిర్ల వాడలో.
బిందె అక్కడ పెట్టి మేం దూరంగా నిలబడాలి.
ఎవరికి బుద్ధి పుడితే వాళ్లు కొట్టిపోస్తారు.
ఎవరికీ పుట్టకపోతే
కోసీ ఉండనే ఉంది.

పిలుపు మాత్రం అర్ధరాత్రి వచ్చేది.
లాంతరు ముందు, నానమ్మ వెనక,
పెరటి దారిన.
పురిటిగదిలో ఆమెకు అంటు లేదు.
అత్తగారు తాకని చోట తాకేది,
మొగుడు చూడని నెత్తురు చూసేది,
బొడ్డు కోసేది, మాయ పాతిపెట్టేది,
నూనె రాసి బుల్లి కాళ్లు సాగదీసేది.
ఆరోనాడు స్నానాలై, గది అలికాక
మళ్లీ గుమ్మం బయటి మనిషి.

మంత్రసానితనం ఒప్పుకున్నాక
ఏదొచ్చినా పట్టాలి.
పంపు పిడి తప్ప.

ఆ ఏటి వరదకి ఊరంతా కట్టెక్కింది.
కట్ట వెడల్పెంత?
రెండెడ్లబళ్లు ఒరుసుకుపోయేంత.
అంత ఇరుకులోనూ వాడలు వాడల్లాగే పడ్డాయి:
తూర్పున వాళ్ల టార్పాలిన్లు,
పడమట మేము,
మధ్యన గేదెలు.
గేదెలు మాత్రం అటూ ఇటూ తిరిగేవి.
సర్కారు దింపిన పంపు తూర్పునే.

ఎనిమిదోనాటి మాపున
టేక్‌నారాయణ్ మిసిర్ కోడలికి నొప్పులు.
పడవ రాలేదు, డాక్టరు రాలేదు.
గేదెల నడుమనుంచి పంచె ఎత్తిపట్టుకుని
టేక్‌నారాయణే వచ్చాడు.
తాడులో పదకొండో ముడి అతను.

నానమ్మ లేచింది. కుచ్చెళ్లు బిగించింది.
తిన్నగా పంపు దగ్గరికి నడిచి
పిడి పట్టింది.

నేను లెక్కపెట్టాను, పద్నాలుగుసార్లు కొట్టింది.
ఇనుము కీచుమంది.
ఒక్క గొంతూ పెగల్లేదు.
మోచేతుల దాకా కడుక్కుంది,
గోళ్ల సందులు కూడా.
అంత నిదానం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు.
టార్పాలిన్ వెనక కోడలు అరుస్తోంది.
దోసిలి పట్టి తాగింది.
నన్ను పిలిచి తాగమంది.
నాకు దాహం లేదు. తాగాను.

ఆడపిల్ల. ఒంటి ముడి.

తెల్లారేసరికి పంపును బూడిదేసి తోమారు.
ఇల్లూ గాదె మునిగినా
పదిలంగా మోసుకొచ్చిన గంగచెంబు మూత తీసి
నాలుగు చుక్కలు చల్లారు.
గేదెలకు ఇవతల కూర్చుని నానమ్మ
"పిడిని తోమారు సరే,
పిల్లను దేనితో తోముతారు?" అంది,
పెద్దగానే.
ఎవరో రాయి విసిరారు.
గేదెకు తగిలింది.

ఆ రెండు సేర్లు ఇప్పటికీ రాలేదు.

తాడిప్పుడు నా ట్రంకుపెట్టెలో ఉంది.
జిల్లా ఆస్పత్రిలో నర్సుని నేను.
బిడ్డ బరువు రాస్తాను, పుట్టిన వేళ రాస్తాను.
కులం గడి ఒకటుంది,
నింపకపోతే కంప్యూటరు
తర్వాతి పేజీకి పోదు.

మొన్న రాత్రి ఒకామె, మా ఊరి తూర్పువాడ పిల్లే,
నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకుని
నా పేరడిగింది.
సుగియా అన్నాను.
"సుగియా... తర్వాత?"

తర్వాత ఏముంటుంది?
కుళాయి తిప్పాను.
మోచేతుల దాకా కడుక్కుంటున్నాను,
నిదానంగా,
గోళ్ల సందులు కూడా.