సున్న

డాల్ఫిన్ నోస్ మీద రాత్రి డ్యూటీ నాది.
పదహారు నిండగానే ఇచ్చారు
ఒక దుర్భిణీ, ఒక రిజిస్టరు, రెండు నీళ్ల కార్డులు.
గోడ దాటే పడవల లెక్క రాయాలి, అంతే.

మొన్న ‘ఒకటి’ అని రాశాను.
తెల్లారేసరికి జాలారిపేటలో
ఎల్లాజీ వాళ్ల నాన్న వల
సగం అల్లి అలాగే ఉండిపోయింది.
ఎల్లాజీ నన్నేమీ అనలేదు.
రేషన్ లైన్లో నా వెనక నిలబడి
‘జరుగు’ అన్నాడు.

ఈ రాత్రి మళ్లీ పడవ.
దీపం లేదు. తెడ్డేసే తీరు తెలుసు నాకు.
ఎడమకి రెండు, కుడికి ఒకటి.
లాసన్స్ బేలో నాకు ఈత నేర్పిన చెయ్యి.

వెనక బల్ల మీద సన్నాసయ్య.
చెల్లికి జ్వరమొస్తే
తన కార్డులోంచి చీటీ చింపిచ్చినవాడు.
పొద్దున్నే నా లెక్క కింద ముద్ర వేసేది ఆయనే,
అబద్ధమని తేలితే పోయేదీ ఆయనే.

కథల్లో అయితే ఇలాంటి చోట
ఒక పక్కన రాక్షసుడుంటాడు.
ఇక్కడ ఒకడు గురక పెడుతున్నాడు,
ఒకడు తెడ్డేస్తున్నాడు.

సున్న చుట్టాను.
ముద్ర పడాల్సిన గడిలో
నా పేరే రాసేశాను,
ఇంటిపేరుతో సహా.

‘ఏటిరా, ఏటైనా కనబడిందేటి?’
కళ్లు తెరవకుండానే అడిగాడు.
‘సముద్రం’ అన్నాను.