మేమా, మనమా

మంగళవారం సెమినార్‌లో డాక్టర్ ఫార్కర్
ఒక వాక్యాన్ని బల్లమీద పడుకోబెట్టి,
ఇది వింటే ఏమనిపిస్తుంది అని అడుగుతూ
‘వీ’ అంది.
రాసుకుంటూ రాసుకుంటూ నా నోట్సు
తెలుగులోకి దొర్లి అక్కడే ఇరుక్కుంది:
మేమా, మనమా?

గదిలో తొమ్మిదిమందిమి.
కిటికీ అవతల అబర్డీన్ బూడిదరంగు రాళ్ళమీదికి
సముద్రం నుంచి మంచు ఎక్కి వస్తోంది.
ఇక్కడివాళ్ళు దాన్ని హార్ అంటారు.
వచ్చిన కొత్తలో
మెడలో వేసుకునేదేమో అనుకున్నాను.

పుస్తకాల నిండా అదే మాట.
‘వీ’కి ఇలా తోస్తుంది, ‘వీ’ అలా అనదు.
ముప్పై పేజీల వాదం
ఆ ఒక్క మేకుకు వేలాడుతుంది.
నాకు అలా తోచలేదు.
నాకు తోచింది లెక్కలోకి రాదా,
లెక్కపెట్టేవాళ్ళలో నేనే లేనా?

చెయ్యెత్తాను.
మా వంటింట్లో బియ్యం అయిపోతే
అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు.
డబ్బా ఖాళీ, మాట నిండు.
ఇందులో అబద్ధమాడింది ఎవరు?
నవ్వారు, మంచిగానే.
“అందంగా ఉంది” అంది ఫార్కర్.
అందంగా ఉంది అంటే
ఇక ముందుకు పోదాం అని.
ఆ అర్థం ఏ నిఘంటువులోనూ లేదు,
అయినా తెలిసిపోయింది.

రాత్రి ఎనిమిదికి నా రెండో బడి.
టోరీలో వృద్ధుల గృహం, మూడో అంతస్తు,
నీలం ఏప్రన్, చప్పుడు చెయ్యని చెప్పులు.
“మందు వేసుకుందామా?” అన్నట్టు అడుగుతాను ఎల్స్‌పెత్‌ని.
వేసుకునేది ఆవిడొక్కతే.
చంటిపిల్లలకీ ముసలివాళ్ళకీ
విడిగా దాచిపెట్టిన ‘మనం’ ఇది:
ఇద్దరి పేరు చెప్పి
ఒకరి చేత మింగిస్తుంది.

ఎనభైతొమ్మిదేళ్ళు. చేపలు కోసిన చేతులు.
నన్ను చూడగానే “ఫిట్ లైక్?” అంటుంది,
ఎలా ఉన్నావని.
చిన్నప్పుడు బళ్ళో ఆ మాట అన్నందుకు
అరచేతిమీద తోలుపట్టీతో రెండు పడ్డాయట.
‘వీ’ అలా మాట్లాడదు, అందట టీచరు.

ఆ ‘అట’ నాది, ఆవిడ చెప్పినదాంట్లో లేదు.
చూడనిదాన్ని చూసినట్టు చెప్పకుండా
మాట చివర నా భాష వేసే చిన్న ముడి.

ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊరు దాటని మనిషికీ
ఆ ‘వీ’లో కుర్చీ వెయ్యలేదని తెలిసి
చార్టు నింపుతూ
కాస్త సంతోషించాను.
తర్వాత సిగ్గేసింది.

మూడో అధ్యాయంలో ‘వీ’ వచ్చినచోటల్లా
అడుగున ఒక వివరణ పెట్టాను, ఎవరు లోపల, ఎవరు బయట అని.
నలభై ఒకటి అయ్యాయి.
ఫార్కర్ ఆకుపచ్చ సిరాతో అన్నీ కొట్టేసి
“చదవడానికి అడ్డొస్తున్నాయి” అని రాసింది.
నిజమే. అడ్డురావడానికే పెట్టాను.

నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకు
ఎల్స్‌పెత్ లేచి కిటికీ దగ్గర నిలబడింది.
రేవు లేదు, దీపస్తంభం లేదు, అంతా హార్.
గాజుమీద వేలు పెట్టి ఏదో మాట వెతికింది.
దొరకలేదు.
నేనూ పక్కన వేలు పెట్టాను.
“చల్లగా ఉంది” అన్నాను,
నిద్రమత్తులో, తెలుగులోనే.

“ఆయ్” అంది
అచ్చం అమలాపురం మనిషిలా.